ఫైవ్ స్టార్ ఏసీ కొన్నా బిల్లు ఎందుకు తగ్గలేదు?

పోయిన నెల స్టార్ లేబుళ్ల గురించి రాశాక చాలా ఉత్తరాలు వచ్చాయి. మంచి వస్తువే చూసి కొన్నాం కదా, ఇంకా మా వల్ల పర్యావరణానికి నష్టం ఏంటని ఎక్కువమంది అడిగారు. ఏసీ, గీజర్, స్టవ్, బండి లాంటివి ఫ్యాక్టరీలో తయారైనప్పటి కంటే మన దగ్గర పదేళ్లు నడిచినప్పుడే ఎక్కువ ఇంధనం తింటాయి. ఆ పదేళ్లు ఎలా నడుస్తాయన్నది స్విచ్ వేసే చేతిలో ఉంటుంది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ ఉత్తరాలకే ఇచ్చాను.

ప్రశ్న: గత వేసవిలో బెడ్‌రూమ్‌లో త్రీ స్టార్ ఏసీ తీసేసి ఫైవ్ స్టార్ ఇన్వర్టర్ ఏసీ పెట్టించాం, ఒకటిన్నర టన్ను. బిల్లు బాగా తగ్గుతుందన్నారు. ఏప్రిల్, మే బిల్లులు పాతవాటికంటే ఎక్కువే వచ్చాయి. మా అబ్బాయి ఇప్పుడు ఇంటి నుంచే పని చేస్తున్నాడు, ఆ గదిలోనే ఉంటాడు. హాల్లో పాత ఏసీకి మాత్రం ఏటా గ్యాస్ నింపిస్తూనే ఉన్నాం. షాపువాళ్లు మోసం చేశారా?
— ఒక గృహిణి, విజయవాడ

జవాబు: మోసం ఏమీ లేదండీ, జవాబు సగం మీ ఉత్తరంలోనే ఉంది. లేబుల్ మీద వేసిన యూనిట్లు ఆ ఏసీ ఏడాదికి 1600 గంటలు నడుస్తుందనే లెక్కతో వేసినవి, అంటే రోజుకి ఎనిమిది గంటల చొప్పున 200 రోజులు. ఇదివరకు మీరు రాత్రి పడుకునేటప్పుడు వేసి తెల్లారి ఆపేసి ఉంటారు, ఇప్పుడు పగలంతా అబ్బాయి, రాత్రంతా మీరు. త్రీ స్టార్‌కీ ఫైవ్ స్టార్‌కీ కరెంటులో తేడా ఐదో వంతు, మహా అయితే నాలుగో వంతు ఉంటుంది, గంటలు రెట్టింపైతే ఆ ఆదా ఎటు పోయిందో కూడా తెలీదు. పైగా ‘ఫైవ్ స్టారే కదా, పర్లేదులే’ అన్న ధైర్యం ఒకటి వస్తుంది. ఇది ఇవాళ్టి సంగతి కాదు, 1865లోనే ఇంగ్లండ్‌లో విలియం స్టాన్లీ జెవన్స్ అనే ఆర్థికవేత్త బొగ్గు విషయంలో ఇదే గమనించాడు, ఆవిరి యంత్రాలు తక్కువ బొగ్గుతో నడవడం మొదలయ్యాక దేశంలో బొగ్గు వాడకం తగ్గకపోగా పెరిగిందని.

ఇక రిమోట్. ఎంత మీద పెడుతున్నారో మీరు రాయలేదు కానీ, ఎండలోంచి రాగానే చాలామంది చేసేది 18 నొక్కడం, త్వరగా చల్లబడుతుందని. గది 35 డిగ్రీలున్నప్పుడు 24 పెట్టినా 18 పెట్టినా కంప్రెసర్ మొదట్లో పూర్తి వేగంతోనే తిరుగుతుంది, తేడా వచ్చేది తర్వాత. 24 దగ్గర నెమ్మదించాల్సిన యంత్రం 18 కోసం తంటాలు పడుతూనే ఉంటుంది, మే నెల బెజవాడలో చాలా గదులు ఆ 18కి చేరనే చేరవు. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని స్టార్ లేబుళ్లు ఇచ్చే బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ, అంటే బీఈఈ, చెబుతోంది. ఆరు డిగ్రీలు కిందకి నొక్కితే మీరు ఎక్కువ డబ్బు పోసి కొన్న రెండు స్టార్లూ అక్కడే పోయినట్టు. 25 లేదా 26 పెట్టి ఫ్యాన్ నెమ్మదిగా వెయ్యండి, ఒంటికి అంతే హాయిగా ఉంటుంది. ఫిల్టర్ తీసి నీళ్ల కింద కడగడం వేసవిలో రెండు వారాలకోసారి చెయ్యండి, దానికి మెకానిక్ అక్కర్లేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం ఆ ‘ఏటా గ్యాస్ నింపించడం’. ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోల్ లాగా ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది, ఏళ్ల తరబడి అంతే ఉండాలి. ఏటా తగ్గుతోందంటే ఎక్కడో లీకు ఉంది, మీరు నింపించినదంతా గాలిలోకే పోతోంది. ఇప్పటి ఏసీల్లో వాడే ఆర్-32 ఒక కిలో గాలిలో కలిస్తే 675 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు, పాత ఏసీల్లో ఉండే ఆర్-410ఏ అయితే 2000 కిలోలకు పైనే. మన గ్రిడ్‌లో ఒక యూనిట్ కరెంటుకి సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్క, అంటే కిలో ఆర్-32 పోవడం 960 యూనిట్లు కాల్చడంతో సమానం. ఒకటిన్నర టన్ను ఫైవ్ స్టార్ ఏసీ లేబుల్ మీద ఏడాది మొత్తానికి ఉండేదే 750, 800 యూనిట్ల ప్రాంతంలో. కరెంటు ఎంత పొదుపుగా వాడినా ఒక్క లీకు ఆ కష్టాన్ని మింగేస్తుంది.

కాబట్టి ఈసారి మెకానిక్ వచ్చినప్పుడు సిలిండర్ తగిలించనివ్వకండి, ముందు లీకు చూపించమనండి. బయటి యూనిట్ పక్కన రెండు రాగి గొట్టాలు ఇత్తడి నట్లతో బిగించి ఉంటాయి, చాలాసార్లు లీకు అక్కడే. ఆ నట్టు చుట్టూ జిడ్డుగా నూనె మరక, దానిమీద దుమ్ము అంటుకుని నల్లగా కనిపిస్తే అనుమానించొచ్చు. సబ్బు నురగ పూసి కాసేపు చూస్తే సన్న బుడగలు ఒకదాని వెనక ఒకటి లేస్తాయి. లీకు కట్టించాకే గ్యాస్. ‘అదేం అవసరం లేదమ్మా, నింపేస్తే ఈ సీజన్ గడిచిపోతుంది’ అనే మెకానిక్‌ని మార్చండి.

ప్రశ్న: ఫోన్ తీసేశాక చార్జర్ ప్లగ్‌లోనే వదిలేస్తానని మా అమ్మ రోజూ తిడుతుంది. నిజంగా అంత కరెంటు పోతుందా?
— ఇంజినీరింగ్ విద్యార్థి, కరీంనగర్

జవాబు: స్విచ్ ఆపెయ్యడం మంచి అలవాటే, అమ్మగారితో వాదించకండి. కానీ లెక్క అడిగారు కాబట్టి చెబుతున్నా. ఇప్పటి మంచి చార్జర్ ఖాళీగా ఉంటే ఏడాదంతా కలిపినా రెండు మూడు యూనిట్లు దాటదు. మీ ఫోన్‌కి రోజూ నిండా చార్జింగ్ పెట్టినా ఏడాదికి పది యూనిట్ల లోపే. ఇంట్లో టెన్షన్ పడాల్సింది టీవీ కింద ఉన్న సెట్‌టాప్ బాక్స్ గురించి. రిమోట్‌తో ఆపితే ఎర్ర లైటు వెలుగుతుంది, మనం ఆగిపోయిందనుకుంటాం, చాలా బాక్సులు లోపల దాదాపు మామూలుగానే పని చేస్తుంటాయి. పది వాట్లే అనుకున్నా ఏడాదికి 87 యూనిట్లు. గోడ దగ్గర స్విచ్ ఆపండి.

ఫోన్ విషయం ఏసీకి పూర్తిగా తిరగబడి ఉంటుంది, అది పర్యావరణానికి చేసే నష్టంలో చాలా పెద్ద భాగం మీ చేతికి రాకముందే, తయారీలోనే జరిగిపోతుంది. అక్కడ మీ చేతిలో ఉన్నది ఒక్కటే, ఎన్నేళ్లు వాడతారు అన్నది. బ్యాటరీ నీరసిస్తే బ్యాటరీ మార్పించండి, ఫోన్‌ని కాదు.

ప్రశ్న: మా వారు గీజర్ రాత్రింబవళ్లు ఆన్‌లోనే ఉంచుతారు. ఆపి మళ్లీ వేస్తే మొదటినుంచి కాగాలి కాబట్టి ఎక్కువ కరెంటు అంటారు, పైగా ఫైవ్ స్టార్ అంటారు. ఎవరు కరెక్ట్?
— ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: మీరే. నీళ్లు ఎంత వేడిగా ఉంటే బయటికి అంత వేగంగా వేడి పోతుంది. రాత్రంతా వేడిగా ఉంచితే రాత్రంతా పోతూనే ఉంటుంది, పోయినదాన్ని గీజర్ మళ్లీ మళ్లీ నింపుతూ ఉంటుంది. ఆపేస్తే నీళ్లు చల్లారే కొద్దీ పోయేది కూడా తగ్గుతుంది. స్నానానికి పావుగంట, ఇరవై నిమిషాల ముందు వేసుకోవడమే ఎప్పుడైనా చవక.

ఆ స్టార్ గురించి చాలామందికి తెలియని మాట ఒకటుంది. ట్యాంకు గీజర్ల మీద స్టార్లు ఇచ్చేది ట్యాంకు ఊరికే ఉన్నప్పుడు ఎంత వేడి పోగొట్టుకుంటుందో చూసి. అంతేగానీ ఫైవ్ స్టార్ గీజర్ నీళ్లను తక్కువ కరెంటుతో కాచదు. 25 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 60కి ఎక్కాలంటే ఏ కంపెనీదైనా, ఎన్ని స్టార్లున్నా, ఒక యూనిట్ పడాల్సిందే. కాబట్టి అసలు ఖర్చు బకెట్‌దా, షవర్‌దా అన్నదాంట్లో ఉంది. బకెట్ స్నానం 20 లీటర్లతో అయిపోతుంది, మామూలు షవర్ నిమిషానికి ఎనిమిది నుంచి పది లీటర్లు పోస్తుంది, పది నిమిషాలు నిలబడితే మీరే లెక్క వేసుకోండి. డాబా మీద ఎండ పడే చోటు ఉంటే సోలార్ హీటర్ గురించి మీ వారితో మాట్లాడండి, నిజామాబాద్ ఎండ ఊరికే పోతోంది.

ప్రశ్న: కందిపప్పుకి మా అత్తగారు ఆరు విజిల్స్ అంటారు, మా అమ్మ నాలుగు అంటుంది. గ్యాస్ ఆదా కావాలంటే ఎన్ని?
— కొత్త కోడలు, రాజమండ్రి

జవాబు: ఒకటి. అత్తయ్యగారు కోప్పడకముందే కారణం చెప్పేస్తాను. కుక్కర్‌లో ప్రెషర్ పూర్తిగా ఎక్కాక లోపల వేడి 120 డిగ్రీల దరిదాపుల్లో నిలబడుతుంది, మంట ఎంత పెంచినా అంతకు మించదు. ఎక్కువైన వేడి ఆవిరిగా బయటికి పోతుంది, విజిల్ అంటే అదే. పప్పు ఉడికేది లోపల ఉన్న వేడికి, బయటికి పోయిన ఆవిరికి కాదు. ఆ ఆవిరి చవకదీ కాదు, లీటరు నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవడానికి పట్టే వేడి కంటే అదే లీటరును ఆవిరి చెయ్యడానికి పట్టే వేడి ఏడు రెట్లకు పైనే.

కందిపప్పు కడిగి అరగంట నానబెట్టండి. పెద్ద మంట మీద మొదటి విజిల్ రానిచ్చి సిమ్‌లోకి తెచ్చెయ్యండి. వెయిట్ సన్నగా సుయ్‌మంటూ కొంచెం కదులుతుండాలి, ఎగిరి కూత పెట్టకూడదు. అలా ఎనిమిది, పది నిమిషాలు. తర్వాత కట్టేసి, వెయిట్ ఎత్తకుండా ప్రెషర్ దానంతటదే దిగేదాకా వదిలేస్తే ఆ మిగిలిన వేడికి ఇంకొంచెం ఉడుకుతుంది. చింతపండు, టమాటా పప్పు మెదిగాకే వెయ్యండి, పులుపు ముందే పడితే పప్పు గట్టిపడి గ్యాస్ ఎక్కువ తాగుతుంది. పప్పు మరీ పాతదైతే ఇంకో నాలుగు నిమిషాలు ఇవ్వాలి. 14.2 కిలోల బండ మొత్తం కాలితే 40 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, ఏడాదిలో ఒక్క బండ తగ్గినా మంచిదే కదా.

ప్రశ్న: థర్మల్ ప్లాంట్ల కాలుష్యం ముందు నా ఇంటి ఫ్యాన్ స్విచ్ ఎంత? కంపెనీలు, ప్రభుత్వాలు చెయ్యాల్సింది జనం నెత్తిన పెట్టడం కాదా ఇదంతా?
— ఉపాధ్యాయుడు, అనంతపురం

జవాబు: మీ కోపంలో న్యాయం ఉంది మాస్టారూ. అలవాట్లు గాల్లోంచి రావు, వస్తువునీ సరఫరానీ ఎలా ఇస్తే అలవాటు అలా తయారవుతుంది. వ్యవసాయ కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో రైతులు రాత్రిపూట లేచి చేనుకి పోలేక మోటార్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు, కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. తర్వాత తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు అవే ఆటో స్టార్టర్లు అవసరం ఉన్నా లేకపోయినా భూగర్భజలాన్ని తోడేస్తాయని, తీసెయ్యమని ప్రభుత్వమే రైతులను బతిమాలాల్సి వచ్చింది. అక్కడ తప్పు రైతుది అని నేను అనను. అప్పటి సరఫరాకి ఆ అలవాటే తెలివైనది.

అదే పద్ధతి మంచికీ పనికొస్తుంది. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఉన్న రూమ్ ఏసీలన్నీ ఆన్ చెయ్యగానే 24 డిగ్రీల మీద మొదలవ్వాలని నిబంధన పెట్టారు. ఎవరికీ పాఠం చెప్పలేదు, ఎవరినీ ఆపలేదు, కావాలంటే తగ్గించుకోవచ్చు. ఫ్యాన్లకు స్టార్ లేబుల్ 2023లో తప్పనిసరి చేశారు, మామూలు ఫ్యాన్ 75 వాట్లు లాగితే, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. ఇలాంటివి ఇంకా గట్టిగా అడగాలి. ముఖ్యంగా స్పేర్ పార్టులు. ఐదేళ్లకే పార్టు దొరకడం లేదని కొత్తది కొనిపిస్తుంటే, వాడేవాడు ఎంత జాగ్రత్తగా వాడి ఏం లాభం? కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది, మీ స్కూల్లో పెద్ద పిల్లలకు దాన్ని చూపించండి.

కానీ మీ మిగతా సగంతో నేను ఒప్పుకోను. థర్మల్ ప్లాంట్ తనకోసం తాను మండదు. మీకు దగ్గర్లోనే, ఉమ్మడి అనంతపురం జిల్లా ఎన్‌పీ కుంటలో అంత పెద్ద సోలార్ పార్కు ఉంది, పగలంతా కరెంటు ఇస్తుంది. పొద్దుగూకాక ఏసీలు, మోటార్లు, వాషింగ్ మెషిన్లు అన్నీ ఒకేసారి వేస్తే దాని దగ్గర ఇవ్వడానికి ఏమీ ఉండదు, బొగ్గే దిక్కు. రాత్రి ఏసీ మధ్యాహ్నానికి జరపలేం, నిజమే. కానీ ట్యాంకు నింపే మోటారు, వాషింగ్ మెషిన్, ఇస్త్రీ, పిండి రుబ్బడం, స్కూటర్ చార్జింగ్ జరపొచ్చు. అదే యూనిట్, అదే వస్తువు, మధ్యాహ్నం పన్నెండింటికి వాడితే ఒక లెక్క, రాత్రి తొమ్మిదింటికి వాడితే ఇంకో లెక్క.

ప్రశ్న: హైదరాబాద్‌లో మంజీరా, కృష్ణా నీళ్లు వస్తాయి మాకు. ఆర్వో పెట్టుకున్నాం, పక్క పైపులోంచి పోయే నీళ్లు చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది. వేరే దారి ఉందా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ముందు మీకు ఆర్వో అవసరమా అన్నది చూడండి. నీళ్లలో కరిగిన లవణాల లెక్కని టీడీఎస్ అంటారు, లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే తాగడానికి ఫర్వాలేదని భారత ప్రమాణాల సంస్థ నిర్దేశం. అంతకంటే తక్కువ ఉన్న చోట ఆర్వోలు వద్దని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా చెప్పింది. టీడీఎస్ మీటర్ కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది, పెన్నులా ఉంటుంది, గ్లాసులో ముంచితే అంకె కనిపిస్తుంది. నల్లా నీళ్లు, బోరు నీళ్లు విడివిడిగా చూడండి, ఎందుకంటే చాలా అపార్ట్‌మెంట్లలో రెండూ ఒకే సంపులో కలుస్తాయి. నల్లా నీళ్లే విడిగా పట్టుకోగలిగితే, అంకె 500 లోపుంటే, క్రిములను చంపే యూవీ ఫిల్టర్ చాలు, లేదంటే కాచి చల్లార్చుకోండి. ఒక జాగ్రత్త, మీటర్ క్రిములను చూపించదు, అంకె తక్కువుందని నేరుగా తాగకండి.

మామూలు ఇంటి ఆర్వో లీటరు మంచినీళ్లకు రెండు, మూడు లీటర్లు బయటికి వదులుతుంది, మెంబ్రేన్ పాతబడితే ఇంకా ఎక్కువ. కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ వైపు నుంచి వంద కిలోమీటర్లకు పైగా, పంపుల మీద పంపులతో ఎక్కించి తెచ్చినవి, వాటితో పాటు ఆ కరెంటు కూడా మోరీలోకి పోతోంది. నల్గొండలో ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లే తాగాల్సిన ఇంటికి మాత్రం ఇదే ఆర్వో ప్రాణం నిలిపే వస్తువు, వాళ్లు దీన్ని చదివి తీసెయ్యకూడదు. ఆర్వో ఉంచుకుంటే ఆ పైపుని బకెట్‌లో పెట్టండి, ఇల్లు తుడవడానికి, బాత్రూమ్‌కి వాడొచ్చు. బోరు నీళ్ల ఆర్వోదైతే మొక్కలకు పొయ్యకండి, ఉప్పు పేరుకుంటుంది.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటాం. ఆరు నెలలు మండే ఎండ, అయినా అందరూ బట్టలు డ్రయర్‌లోనే. జీన్స్ కూడా ఒక్కసారి వేసుకుని వాషర్‌లో పడేస్తారు మా పిల్లలు. ఇది పెద్ద విషయమేనా?
— ఒక తల్లి, టెక్సస్

జవాబు: అక్కడ పెద్ద విషయమే. వేడినీళ్లతో ఉతికితే వాషర్ తినే కరెంటులో దాదాపు 90 శాతం నీళ్లు కాయడానికే పోతుంది, డ్రయర్ ఒక్క లోడుకి మళ్లీ రెండు మూడు యూనిట్లు. లీవైస్ కంపెనీ 2015లో తన 501 జీన్స్ మీద వేసిన లెక్కలో, పత్తి చేను నుంచి పారేసే దాకా ఒక్క జీన్స్‌కి దాదాపు 3,780 లీటర్ల నీళ్లు పడితే అందులో సుమారు 23 శాతం కొన్నవాళ్ల ఇంట్లో ఉతుకులకే అయింది. కర్బన ఉద్గారాల్లో ఇంటి వాటా ఇంకా ఎక్కువ, మూడో వంతు పైనే. చన్నీళ్ల సెట్టింగ్ పెట్టండి, జీన్స్ మాసినప్పుడే ఉతకండి, కనీసం దుప్పట్లు, తువ్వాళ్లు వెనక పెరట్లో మడత స్టాండ్ మీద ఆరెయ్యండి. డల్లాస్ ఎండకి గంటలో గలగలలాడతాయి.

ప్రశ్న: ప్లాస్టిక్ మానేసి గుడ్డ సంచులే వాడుతున్నాం. పెళ్లిళ్లలో తాంబూలం కింద ఇచ్చినవే ఇంట్లో బోలెడు పోగయ్యాయి. మంచిదే కదా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వాడుతుంటే మంచిదే, పోగవుతుంటే కాదు. పత్తి పండించడానికి నీళ్లు, ఎరువు, మందులు బాగా పడతాయి. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో లెక్కేస్తే, వాతావరణ మార్పు వరకూ చూసుకున్నా ఒక పత్తి సంచిని 131 సార్లు వాడితేగానీ పల్చటి ప్లాస్టిక్ కవరుతో సమానం కాలేదు. వారానికి రెండుసార్లు బజారుకి వెళ్తే ఒక సంచికి ఏడాది పైనే. అదే పాత పంచెతో కుట్టుకున్న సంచి అయితే కొత్తగా పండించాల్సింది ఏమీ లేదు. ఒకటి బండి డిక్కీలో, ఒకటి హ్యాండ్‌బ్యాగ్‌లో మడిచి పెట్టుకోండి, మిగతావి కూరగాయల బండి ఆవిడకి ఇచ్చెయ్యండి, కవరు అడిగేవాళ్లకి ఇవ్వడానికి ఆవిడకి పనికొస్తాయి. మీ ఇంట్లో పెళ్లి ఉంటే తాంబూలం సంచి మీద వధూవరుల పేర్లు, తేదీ పెద్ద అక్షరాలతో అచ్చు వేయించకండి, అలాంటి సంచి పట్టుకుని బజారుకి వెళ్లడానికి ఎవరూ ఇష్టపడరు.